రాజీనామా ఇప్పుడే పెట్టకు

బిడ్డా,

"ఈ ఉద్యోగంలో మనసు లేదత్తా, మానేసి వచ్చి దర్రీలు, అదే జంపఖానాలు, నేస్తా" అని మొన్న ఫోన్‌లో అన్నావు. మీ బాపు పక్కనే కూర్చున్నాడని అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు రాస్తున్నా.

వరంగల్‌లో మా కొత్తవాడకు వచ్చినప్పుడల్లా నువ్వు చూసింది మగ్గం ఆడుతుండగా. రంగులు తేలుతుంటే, పంజా అనే దువ్వెనలాంటి పనిముట్టుతో పేకను, అంటే అడ్డపోగును, దబదబా కొడుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు మా అత్తగారు ముందు నేర్పింది అది కాదు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు పాత పోగు ఒక్కోదానికి కొత్త పోగు ఒక్కోటి అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని మెలితిప్పడమే. అట్లా వందల పోగులు. మాటల్లో పడి ఒకటి తప్పితే మళ్లీ వెతుక్కోవాలి. మొదట్లో ఏడుపొచ్చేది. కొన్ని నెలలకు ఒకరోజు తలెత్తి చూస్తే అతకడం అయిపోయింది, పొద్దు కూడా గూకింది. ఈ పని నాకు పడుతుందని ఆ రోజు తెలిసింది.

నువ్వు కూడా పదిహేను రోజులు లీవు పెట్టి రా. నేయడానికి కాదు, అతకడానికి. విసుగొస్తే ఉద్యోగం ఎట్లాగూ ఉంటుంది, చిన్నతనమేమీ లేదు.

పైసల సంగతి కూడా చెప్పాలి. 2018లో మన వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని సర్కారు ఇచ్చే ముద్ర, వచ్చింది. సంతోషమే, కానీ మర్నాడు నా కూలి పెరగలేదు. ఏడాది ఖర్చు, బండి ఈఎంఐతో సహా, విడిగా దాచుకున్నాకే దిగు. అప్పున్నవాళ్లు షావుకారు చెప్పిన ధరకే ఇచ్చేస్తారు. ఆ టెన్షన్ నేను పడ్డా.

మగ్గం ఎక్కినందుకు నాకు బాధ లేదు. బాధ వేరే ఉంది. ముప్పై ఏళ్లు షావుకారు ఇచ్చిన నమూనాలే నేశా. ఒకసారి వేయిస్తంభాల గుడిలో చెక్కడం చూసొచ్చి గళ్ల కాగితం మీద గీసి, రెండు మూరలు నేశా. ఎవరేమంటారోనని ట్రంకుపెట్టెలో పెట్టేశా. ఒక్క షాపులో కూడా పరిచి చూపించలేదు. మహా అయితే వద్దనేవాళ్లు!

వచ్చేటప్పుడు పాత డ్రెస్సులు తెచ్చుకో, నూలు దుమ్ము ఒక పట్టాన వదలదు. ఆ ముక్క తీసి పెడతా. ఎరుపు పక్కన నీలం కుదరలేదేమోనని నాకింకా అనుమానమే. నువ్వే చూసి చెప్పు.

మీ అత్త