‘నాటకాలు, బొమ్మలాటలతో ఊళ్ళల్లో పనిచేస్తానంటోంది మా అమ్మాయి... అదీ ఒక ఉద్యోగమేనా?’

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీకాం రెండో ఏడాది చదువుతోంది. చిన్నప్పుడు ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. ఆదోని వైపు నుంచి మిర్చి కోతలకు వచ్చిన కూలీల పిల్లలతో పోయిన సీజన్లో వాళ్ళ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు ఆటపాటలు చేయించి, చివర్లో చిన్న నాటిక వేయించారు. అప్పటి నుంచి ‘ఇదే నా పని’ అంటోంది. వాళ్ళ నాన్నేమో బ్యాంకు కోచింగ్‌లో చేర్పిస్తానంటున్నారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ, నాకు టెన్షన్‌గా ఉంది. ఇది ఉద్యోగమా, సేవా? ఏం చదవాలి? ఆడపిల్ల ఊళ్ళు తిరగడం క్షేమమేనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఉద్యోగమే అమ్మా. కాకపోతే నోటిఫికేషన్ చూసి, పరీక్ష రాసి చేరేది కాదు. అందుకే మన బంధువుల్లో ఎవరికి చెప్పినా ‘అంటే ఏం చేస్తుంది?’ అని అడుగుతారు. ఈ రంగాన్ని కమ్యూనిటీ ఆర్ట్స్ అంటారు. పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, స్కూళ్ళు, మ్యూజియాలు, కంపెనీల్లో సామాజిక సేవా పనులు చూసే సీఎస్‌ఆర్ విభాగాలు ఇలాంటివాళ్ళను తీసుకుంటాయి. వేర్వేరు భాషలు, కులాలు, మతాలవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఒకచోట కూర్చుని పాటో, నాటకమో, గోడ మీద బొమ్మో కలిసి తయారుచేసేలా చూడటం ఆ ఉద్యోగి పని. తానే స్టేజీ ఎక్కడం ఇందులో చాలా తక్కువ. నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ ఆడవాళ్ళు రాలేరని తెలుసుకుని టైము మార్చాలి. వినపడని పిల్లవాడు వెనకపడిపోకుండా ఆట నడపాలి. సాయంత్రం ఇంటికొచ్చి రిపోర్టు రాయాలి, ఖర్చుల లెక్క సరిచూడాలి.

మీ ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు. 1943లో పుట్టిన ప్రజా నాట్యమండలి బుర్రకథను పల్లెపల్లెకూ తీసుకెళ్ళింది. ఆ బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్‌ది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆయన చెప్పిన కథలు వినడానికి అన్ని కులాలవాళ్ళూ ఒకే నేల మీద కూర్చునేవారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మలాట కళాకారుల్లో చాలా కుటుంబాలు ఇంట్లో మరాఠీకి దగ్గరి మాట మాట్లాడుకుంటాయి, తెర వెనక నుంచి రామాయణం మాత్రం తెలుగులో పాడతాయి. భాషలు, మతాలు కలిసి పనిచేయడం మన కళల్లో ఎప్పటి నుంచో ఉంది. మీ అమ్మాయి కోరుకుంటున్నది వింత కోరిక కాదని వాళ్ళ నాన్నగారికి ఈ మాట చెప్పండి.

ఇప్పుడు మీ అమ్మాయితో నేరుగా రెండు మాటలు.

అమ్మా, నువ్వు వేయించిన నాటిక రాసిందెవరు? అందులో పిల్లలు మాట్లాడింది మన గుంటూరు తెలుగా, కన్నడ కలిసిన వాళ్ళ యాసా? ఆ ఊరి పిల్లలు కూడా అందులో వేషం కట్టారా, లేక ఎదురుగా కూర్చుని చూశారా? నిన్ను తప్పు పట్టడానికి అడగడం లేదు. ఈ రంగంలో ఎవరు మంచి పనివాళ్ళో ఈ ప్రశ్నల దగ్గరే తేలుతుంది. కాలేజీ వాళ్ళు రాసిన డైలాగులు కూలీల పిల్లలు బట్టీపట్టి చెబితే చప్పట్లు బాగానే వస్తాయి, మర్నాడు బడిలో మాత్రం వాళ్ళు మళ్ళీ వెనక బెంచీలోనే కూర్చుంటారు. అదే సుగ్గికి, అంటే కోతల పనికి వలస, బయల్దేరిన రోజు ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళే చెప్పి, ఊరి పిల్లలు ‘మా ఊరికి ఎవరైనా వస్తే మేమేం చేస్తాం’ అని దానికి జవాబుగా తమ భాగం కలిపితే, అప్పుడు ఇద్దరి మధ్యా ఏదో మారుతుంది. కళ లేని చోటికి నువ్వు కళ తీసుకెళ్ళడం లేదు. వాళ్ళ అమ్మలకు కోత పాటలు వస్తాయి, తాతలకు కథలు వస్తాయి. వాటిని అడిగి తెలుసుకోవడం నీ మొదటి పాఠం.

బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ అనే నాటక దర్శకుడు 1970ల్లో ఫోరమ్ థియేటర్ అనే పద్ధతి తెచ్చాడు. నాటకం మధ్యలో ప్రేక్షకుడు ‘ఆపండి’ అని లేచి, ఒక పాత్ర స్థానంలోకి వెళ్ళి, తానైతే ఏం చేస్తాడో ఆడి చూపిస్తాడు. పశ్చిమ బెంగాల్లో 1985లో మొదలైన జనసంస్కృతి అనే బృందం పల్లెల్లో దీన్ని నడుపుతోంది. నువ్వు తప్పకుండా చదివి తెలుసుకోవాల్సిన పద్ధతి ఇది.

ఏ కోర్సులోనూ చేరకముందే ఒక చిన్న ప్రాజెక్టు చెయ్యి. అదే ఊరు, వచ్చే సీజను, వారానికి ఒక పూట, కోతలు అయిపోయేదాకా. పది, పన్నెండు మంది పిల్లలు చాలు, సగం ఊరివాళ్ళు, సగం వచ్చినవాళ్ళు. ఏం తయారుచేయాలో వాళ్ళనే నిర్ణయించనివ్వు. ఫొటో తీసే ముందు తల్లిదండ్రులను అడుగు. ఎంత ఖర్చయిందో, ఎవరు రావడం మానేశారో, ఎందుకు మానేశారో రాసి పెట్టుకో. ఆ మానేసినవాళ్ళ గురించి రాసిన పేజీయే రేపు ఇంటర్వ్యూలో నీకు ఎక్కువ పనికొస్తుంది. మన డిగ్రీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. చాలామంది దాన్ని కాపీ రిపోర్టుతో ముగించేస్తున్నారు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. నువ్వు దాన్నీ అక్కడే పూర్తిచేసి ఉంటే ఇప్పటికే సగం దారిలో ఉన్నట్టు.

ఇక చదువుల సంగతి. బీకాం వదలొద్దు. ఈ సంస్థల్లో పాట పాడేవాళ్ళు దొరుకుతారు, బడ్జెట్ వేయగలిగేవాళ్ళు దొరకరు. రెండూ చేతనైన అమ్మాయికి విలువ ఎక్కువ. డిగ్రీ తర్వాత నా సలహా సోషల్ వర్క్ లేదా డెవలప్‌మెంట్‌లో పీజీ. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో చేరాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. ఇంటికి దగ్గరగా కావాలంటే నాగార్జున యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఉంది. నాటకమే ప్రాణం అనిపిస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు అగర్తలాలో ఒక కేంద్రం ఉంది, అక్కడ థియేటర్ ఇన్ ఎడ్యుకేషన్‌లో ఏడాది కోర్సు నడుస్తుంది. పిల్లలతో నాటకం చేయించడమే అక్కడ ముఖ్య పాఠం, నీకు బాగా సరిపోతుంది. ఢిల్లీలోని మూడేళ్ళ కోర్సు మాత్రం ఇప్పుడే వద్దనుకుంటాను. దానికి డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం కూడా అడుగుతారు.

మళ్ళీ తల్లిగారికి. డబ్బు విషయం దాచకుండా చెబుతాను. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, ప్రైవేటు స్కూలు టీచరుకు కాస్త అటూ ఇటూ. ప్రాజెక్టులు ఏడాదికో, రెండేళ్ళకో ముగుస్తాయి. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి, ఆ జాబితాలో కళలూ సంస్కృతీ ఉన్నాయి. అయినా ఆ డబ్బు ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. రెండో ఆధారం స్కూళ్ళు. సీబీఎస్ఈ పాఠాలను కళలతో కలిపి చెప్పాలంటోంది. మరో రాష్ట్రం సంస్కృతి మీద పిల్లలు ప్రాజెక్టు చేయాలని కూడా పెట్టింది, మన రాష్ట్రానికి జతగా పంజాబ్ వచ్చింది. దాన్ని చార్టు అతికించడంతో సరిపెట్టకుండా నడపగలిగేవాళ్ళు స్కూళ్ళకు కావాలి.

ఇంకొకటి, కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి, గురువు దగ్గర కనీసం ఐదేళ్ళు నేర్చుకుని ఉండాలి. నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్ళు. ఆరేళ్ళ కూచిపూడిని వృథా కానివ్వకండి. గురువుగారి దగ్గర ఇప్పుడే సర్టిఫికెట్ తీసుకోండి, సాధన మళ్ళీ మొదలుపెట్టించండి.

క్షేమం గురించి మీ భయం సమంజసమే. చేరే ముందు సంస్థను అడగాల్సినవి అడగండి. ఊళ్ళోకి ఇద్దరు కలిసి వెళ్తారా, చీకటిపడేలోపు తిరిగొచ్చే ఏర్పాటుందా, పిల్లల రక్షణ నిబంధనలు రాసి ఉన్నాయా? పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో చెప్పలేని సంస్థలో చేర్చొద్దు.

వాళ్ళ నాన్నగారితో వాదన పెంచుకోకుండా ఒక గడువు పెట్టుకోండి. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీఓ పరీక్షకు 30 ఏళ్ళ దాకా వయసు ఉంది. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఈ దారిలో నడిచి చూసినా బ్యాంకు తలుపు మూసుకుపోదు. కోచింగ్‌కు పెట్టాలనుకున్న డబ్బులో కొంత, వచ్చే సీజను ప్రాజెక్టుకు ప్రయాణాలకూ సామానుకూ ఇవ్వమనండి. ఖర్చయిన ప్రతి రూపాయి లెక్కా ఆయనకే చూపించమనండి. కూలీల కుటుంబాలు వచ్చేలోపే ఆ ఊరి హెడ్మాస్టరును కలిసి, ఒక గది, వారానికి ఒక పూట అడిగి ఉంచుకోవాలి. ఆ మొదటిసారి మీరూ తోడుగా వెళ్ళండి.