పాఠకుల ప్రశ్నలు – కంటి డాక్టరు జవాబులు: పచ్చాకూ పండాకూ ఒకేలా కనిపిస్తే

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు సాగు చేస్తాము. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సెలవుల్లో ఆకు గ్రేడింగ్‌కు కూర్చోబెడితే పచ్చదనం మిగిలిన ఆకును తీసుకెళ్లి మంచి పండాకు కుప్పలో వేస్తున్నాడు. శ్రద్ధ లేదని తిట్టాను, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. ఈమధ్య మా అన్నయ్య చూసి, ‘మన నాన్నకూ ఇంతే కదా, ఎర్ర చీర తెమ్మంటే ఏదో రంగు తెచ్చేవాడు’ అన్నాడు. మాది మేనరికం కాబట్టే ఇలా పుట్టాడని మా అత్తగారింట్లో అంటున్నారు. చుక్కల మందుతో గాని, ఫోన్లో అమ్మే కళ్లద్దాలతో గాని నయమవుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఆకును చూడకుండా వేయడం లేదు. చూసే వేస్తున్నాడు, మీ కంటికి రెండుగా తోచేది అతని కంటికి ఇంచుమించు ఒకటిగా తోస్తూ ఉండవచ్చు. పరీక్ష చేయనిదే ఖాయంగా చెప్పకూడదు గాని, మీరు రాసినదాన్ని బట్టి ఇది పుట్టుకతో వచ్చిన ఎరుపు–ఆకుపచ్చ వర్ణదృష్టి లోపమని నా అనుమానం. దీన్ని వర్ణాంధత్వం అనడం వల్ల, ఈ పిల్లలకు లోకమంతా నలుపు తెలుపుల్లోనే కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఏ రంగూ తెలియని స్థితి చాలా అరుదు. కంటి లోపలి తెర అయిన రెటీనాలో రంగులను గ్రహించే శంకు కణాలు మూడు రకాలు ఉంటాయి. వాటిలో ఎరుపు వైపుకో ఆకుపచ్చ వైపుకో ఎక్కువగా స్పందించే రకం లేకపోయినా, ఉండి తేడాగా పనిచేసినా ఎరుపు, ఆకుపచ్చ, నారింజ, గోధుమ రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పొగాకు గ్రేడింగ్ అంతా సరిగ్గా ఆ రంగుల మధ్యనే నడుస్తుంది కాబట్టి, బడిలో ఎనిమిదేళ్లు బయటపడని సంగతి మీ ఇంట్లో ఆకు కుప్పల దగ్గర బయటపడింది.

రంగుల పేర్లు అడిగి మాత్రం తేల్చుకోవద్దు. మన భాషలో పసుపునూ పచ్చ అంటాము, ఆకునూ పచ్చ అంటాము. పచ్చ కామెర్లలోని పచ్చ వేరు, పచ్చగడ్డిలోని పచ్చ వేరు. పైగా ఈ పిల్లలు చెట్టు ఆకుపచ్చ, రక్తం ఎరుపు అని విని నేర్చుకుని ఉంటారు కాబట్టి పేర్లు తడుముకోకుండా చెప్పేస్తారు. పరీక్షకు వాడేది ఇషిహారా పుస్తకం. జపాన్ నేత్రవైద్యుడు షినోబు ఇషిహారా 1917లో వెలువరించిన ఈ పుస్తకంలో ఒక్కో పుట మీద రంగు రంగుల చుక్కలు, ఆ చుక్కల్లో దాగిన ఒక అంకె ఉంటాయి. పూర్తి పుస్తకంలో 38 పుటలు. పగటి వెలుతురులో, నేరుగా ఎండ పడని చోట, సుమారు 75 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక్కో పుటకు మూడు సెకన్లకు మించి సమయం ఇవ్వకుండా చదివించాలి. అంకెలు రాని చిన్న పిల్లలకు వంకర గీతలున్న పుటలు ఉన్నాయి. వాటి మీద సన్నని కుంచెతో దారి గీయమంటాము.

ఒకసారి ఇలాగే ఒక బాబును నా దగ్గరకు తీసుకువచ్చారు. మొదటి పుటలోని 12ను గట్టిగా చదివాడు. ఆ పుటను లోపం ఉన్నవారూ చదవగలరు, పరీక్ష ఎలా చేయాలో తెలియడానికే దాన్ని ముందు పెట్టారు. రెండో పుటలో నాకూ, వెనక నిల్చున్న తల్లికీ 8 కనిపిస్తుండగా అతను 3 అన్నాడు. ‘సరిగ్గా చూడరా’ అని ఆవిడ వీపు మీద తట్టింది. మళ్లీ చూసి మళ్లీ 3 అన్నాడు. మరో పుటలో 29 ఉన్న చోట 70 అన్నాడు. అది తప్పు చదవడం కాదు. ఎరుపు–ఆకుపచ్చ లోపం ఉన్న కంటికి అక్కడ కనిపించేది అదే, పుస్తకాన్ని అలాగే తయారు చేశారు. ఇంకో పుటలో మా ఇద్దరికీ ఏమీ కనిపించని చుక్కల్లోంచి అతను ఒక అంకె చదివి చెప్పేసరికి ఆవిడ నోట మాట రాలేదు. జిల్లా కేంద్రంలోని ఏ కంటి విభాగంలోనైనా ఐదు నిమిషాల్లో అయ్యే పరీక్ష ఇది. ఫోన్ తెర మీద చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు, ఒక్కో తెర రంగు ఒక్కోలా ఉంటుంది. లోపం ఉందని ఈ పుస్తకం చెబుతుంది గాని ఎంత తీవ్రమో సరిగ్గా చెప్పలేదు. అది తెలియాలంటే రంగు బిళ్లలను వరుసగా పేర్చే పరీక్ష గాని, అనోమలోస్కోప్ అనే పరికరం గాని కావాలి.

ఇక మేనరికం సంగతి. ఈ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, కొడుక్కి ఆ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది. మీ నాన్నగారికి లోపం ఉండి ఉంటే, ఆయన నుంచి అది మీకు తప్పకుండా చేరింది. ఆడవాళ్లకు ఎక్స్ క్రోమోజోములు రెండు ఉంటాయి, మీలో రెండోది బాగుండటం వల్ల మీకు బయటపడలేదు. మీరు ఎవరిని పెళ్లి చేసుకున్నా, పుట్టే ప్రతి కొడుక్కీ సగానికి సగం అవకాశం ఉండేది. అంటే మీ అబ్బాయి విషయంలో మేనరికానికి ఏ సంబంధమూ లేదని మీ అత్తగారింట్లో ధైర్యంగా చెప్పండి. తండ్రికి లోపం ఉండి, తల్లి కూడా ఆ జన్యువును మోస్తున్నప్పుడు ఆడపిల్లలకు కూడా రావచ్చు. మేనరికం లెక్కలోకి వచ్చేది అక్కడ. మామూలుగా ఆడపిల్లల్లో ఇది బాగా తక్కువ: ఐరోపా సంతతివారిలో పురుషులకు 12 మందిలో ఒకరికి ఉంటే, స్త్రీలకు 200 మందిలో ఒకరికి ఉంటుంది.

చుక్కల మందుతో నయం కాదు. అణు సిద్ధాంతంతో పేరు పొందిన జాన్ డాల్టన్‌కు ఈ లోపమే ఉండేది. 1794లో తన అనుభవాన్ని వివరిస్తూ, తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఉంటుందని ఊహించాడు. 1844లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం కన్ను కోసి చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటి కణజాలాన్ని 1995లో పరీక్షించినప్పుడు, ఆకుపచ్చ వైపుకు స్పందించే శంకు కణాలకు కావలసిన జన్యువే లేదని తేలింది. లేని కణాన్ని చుక్కల మందు తెచ్చిపెట్టలేదు. రంగు కళ్లద్దాలు కొన్ని కాంతి తరంగాలను అడ్డుకుని కొందరికి కొన్ని రంగుల తేడాను పెంచి చూపిస్తాయి, అంతకు మించి చేసేది లేదు. వేలకు వేలు పోసి కొనమని నేను చెప్పను.

పరీక్షలో లోపం తేలితే బడిలో చెప్పండి. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దతో రాసినది అతనికి కనిపించకపోవచ్చు, భూగోళం పటాల్లో రంగు గుర్తులు తెలియకపోవచ్చు. ఇంట్లో గ్రేడింగ్ మిగతావాళ్లు చేస్తారు, బేళ్ల లెక్క అతనికి అప్పగించండి.

ప్రశ్న: నాకు ఈ లోపం కొద్దిగా ఉంది. డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారా? – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఇస్తారు. స్వల్ప, మధ్యస్థ లోపం ఉన్నవారికి లైసెన్సు ఇవ్వడానికి వీలుగా 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనల్లోని ఫారాలను సవరించింది. తీవ్ర లోపం ఉన్నవారికి ఆ వీలు లేదు. సిగ్నల్ స్తంభం మీద ఎరుపు పైన, ఆకుపచ్చ కింద ఉంటాయి కాబట్టి స్థానాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు. ఎరుపే మసకగా కనిపించే రకమైతే, ముందు బండి బ్రేకు లైటు ఆలస్యంగా తెలుస్తుంది, ఎడం ఎక్కువ ఉంచి నడపండి.

ప్రశ్న: మా నాన్న బిట్రగుంటలో రైల్వే ఉద్యోగి. నేను అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదువుతున్నాను. కళ్లు పరీక్ష చేయించుకుంటే రంగుల లోపం ఉందన్నారు. పుస్తకంలోని అంకెలన్నీ వరుసగా బట్టీ పడితే మెడికల్‌లో గట్టెక్కవచ్చని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? – ఒక నిరుద్యోగి

జవాబు: పుటలను వరుస మార్చి చూపిస్తారు, చిన్న దీపపు వెలుగును చూపి రంగు చెప్పించే లాంతరు పరీక్ష కూడా ఉంది, కాబట్టి బట్టీ పనికిరాదు. అసలు అది గట్టెక్కకూడని మెడికల్ అని నా అభిప్రాయం. రాత్రివేళ లోకో పైలట్‌కు దూరం నుంచి కనిపించేది చీకట్లో ఒకే ఒక వెలుగు చుక్క. అది స్తంభం మీద పైనున్నదో కిందున్నదో తెలిసే వీలుండదు, రంగు ఒక్కటే ఆధారం. 1875లో స్వీడన్‌లోని లాగెర్‌లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక, హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రంగు ఊలు పోగులతో రైల్వే సిబ్బందికి పరీక్ష పెట్టించినది ఈ కారణంగానే.

మీరు బాధపడవలసింది లేదు, దారి మార్చుకుంటే చాలు. రైల్వే నోటిఫికేషన్‌లో ప్రతి పోస్టు పక్కన వైద్య ప్రమాణం రాసి ఉంటుంది. లోకో పైలట్‌కు ఏ1, స్టేషన్ మాస్టర్‌కు ఏ2. ఈ రెండింటికీ వర్ణదృష్టి తప్పనిసరి. ఆఫీసు గుమాస్తా పోస్టుల వంటి వాటికి ఉండే సీ2కు అది అక్కరలేదు. దరఖాస్తు చేయక ముందే ఆ గడి చూసుకోండి. ఏళ్ల తరబడి చదివి, రాతపరీక్ష నెగ్గి, చివరి రోజు ఈ సంగతి తెలుసుకుని కుంగిపోయిన కుర్రాళ్లను నేను చూశాను. మీకు ముందే తెలిసింది.

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. కావలి దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూడటానికి చుక్కలు వేసి రంగు అట్టతో పోల్చడం నాకు పదేళ్ల అలవాటు. నెల రోజులుగా ఆ రంగులు తేలడం లేదు, ఎరుపు వెలిసిపోయినట్లు ఉంటోంది. మూడు నెలలుగా క్షయకు మందులు వాడుతున్నాను. ఇదీ వర్ణాంధత్వమేనా? – ఒక రైతు

జవాబు: పుట్టుకతో వచ్చే లోపం జీవితమంతా ఒకేలా ఉంటుంది, రెండు కళ్లకూ సమంగా ఉంటుంది. పదేళ్లు బాగా తెలిసిన రంగులు నెలలో తెలియకుండా పోవడం వేరే జబ్బుకు గుర్తు. క్షయకు వాడే మందుల్లో ఎథాంబుటాల్ కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చూపు తగ్గడం కన్నా ముందే ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకపోవడం దాని తొలి లక్షణం కావచ్చు. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు విడిగా కూడా జవాబు పంపాను. మందులు ఇచ్చిన డాక్టరును వెంటనే కలవండి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు, ఏది ఆపాలో ఏది మార్చాలో ఆయన చెబుతారు. డాక్టరు చెప్పి ఎథాంబుటాల్‌ను తొందరగా ఆపితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది, ఆలస్యమైతే ఆ నమ్మకం తగ్గుతుంది. అదే రోజు కంటి పరీక్ష కూడా చేయించుకోండి. రెండు కళ్లనూ విడివిడిగా పరీక్షించమని అడగండి, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. అంతవరకు గుంటల దగ్గర రంగు అట్టను ఇంట్లో మరొకరి చేత చూపించుకోండి, లేదా అంకెల్లో చూపించే పీహెచ్ మీటరు కొనండి.