పొగ పెట్టకండి, పొమ్మని చెప్పండి

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. తొమ్మిది నెలల కిందట వాడి స్నేహితుడు, 19 ఏళ్లవాడు, తండ్రితో గొడవపడి ఒక సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ‘రెండు వారాలేనమ్మా’ అన్నాడు మా వాడు. అతను ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు. చదువు ఆపేశాడు, పని వెతుక్కోవడం లేదు. మధ్యాహ్నం దాకా హాల్లో సోఫా మీదే నిద్ర. చెడ్డవాడు కాడు, ఎదురు మాట్లాడడు. బట్టలు మాత్రం ఈరోజుకీ ఆ సంచిలోనే, సోఫా వెనక. మా వారికి ఓపిక నశించింది. తాళం మార్చి సామాను బయట పెడతానంటున్నారు. మొన్న ఇంకో అడుగు ముందుకు వేసి, పర్సులో డబ్బు పోయిందని పోలీసులకు చెబితే వాడే పోతాడన్నారు. నిజానికి డబ్బేమీ పోలేదు. మా వాడేమో వాణ్ణి పంపిస్తే నేనూ పోతానంటున్నాడు. నెల రోజులుగా నేను ఆ అబ్బాయితో ముభావంగా ఉంటున్నాను, వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చాను. తనే అర్థం చేసుకుంటాడనుకున్నాను, చేసుకోలేదు. ఇన్ని నెలలు ఉన్నాక ఇంటి మీద హక్కు వచ్చేస్తుందని మా చెల్లెలు భయపెడుతోంది. 18 దాటినవాడికి మేం బాధ్యులమా? పంపించడం పాపమా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ విషయం మీరు మీవారితో మాట్లాడారు, కొడుకుతో మాట్లాడారు, చెల్లెలితో మాట్లాడారు, ఇప్పుడు నాకు రాశారు. మాట్లాడనిది ఒక్క ఆ అబ్బాయితోనే. ఫలానా రోజుకి నువ్వు వెళ్లాలి అని ఈ తొమ్మిది నెలల్లో అతనికి ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో అందరి నిద్రనూ పాడుచేస్తున్న మాట అతని చెవిన మాత్రం పడలేదు.

ముభావం, మార్చిన పాస్‌వర్డ్, పలకరిస్తే ముక్తసరి జవాబు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. మీరు క్రూరంగా ప్రవర్తించారని నేననడం లేదు. మొహమాటం ఉన్న మంచి మనుషులే ఎక్కువగా ఈ పని చేస్తారు. కానీ ఈ అబ్బాయి మీద ఆ పొగ పనిచేయదు. కోపం నిండిన ఇంట్లో పెరిగిన పిల్లలకు పెద్దల మౌనం కొత్త కాదు. మౌనం చూడగానే వాళ్లు లేచి వెళ్లిపోరు, ఇంకాస్త ముడుచుకుంటారు. అలికిడి చేయకుండా, ఎవరి కంటా పడకుండా రోజు గడిపేస్తారు. మధ్యాహ్నం దాకా అతను నిద్రపోతున్నాడని రాశారు. మీవారు పనికి బయలుదేరేదాకా కళ్లు మూసుకుని ఉండటమే నయమని అతను అనుకుంటూ ఉండవచ్చు. బద్ధకమా, భయమా, దిగులా అన్నది అడిగితేనే తెలుస్తుంది.

ఇంకొక్క విషయం. సోఫా వెనక సంచి గురించి మీరు ఫిర్యాదుగానే రాశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో నిలిచిపోయిన మాట అదే. తొమ్మిది నెలలయినా ఒక్క చొక్కా కూడా మీ అలమరలో పెట్టలేదు. ఈ ఇల్లు తనదనుకున్నవాడు అలా చేయడు. ఇక్కడ ఎన్నాళ్లో అతనికి తెలియదు. వెళ్లే దారీ తెలియదు.

ముందు మీ భయం సంగతి చూద్దాం. మీ అనుమతితో, అద్దె ఇవ్వకుండా మీ ఇంట్లో ఉంటున్న మనిషి అద్దెదారు కాడు. చట్టం అతన్ని లైసెన్సీ అంటుంది, అంటే అనుమతి మీద ఉంటున్నవాడు. ఇచ్చిన అనుమతిని మీరు వెనక్కి తీసుకోవచ్చు. భారతదేశంలో దీనికి ఆధారం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. అనుమతి రద్దు చేశాక ఆ మనిషి వెళ్లడానికీ, తన సామాను తీసుకుపోవడానికీ సమంజసమైన గడువు ఇవ్వాలని అందులోని 63వ సెక్షన్ చెబుతుంది. ఉచితంగా ఉండనిచ్చిన మనిషికి ఏళ్ల తరబడి ఉన్నా ఆ ఆస్తి మీద హక్కు పుట్టదని 2012లో భారత సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి తొమ్మిది నెలలకే ఇల్లు చేజారిపోతుందన్న భయం వదిలేయండి.

అయితే ఇంటి మీద హక్కు రాకపోవడం వేరు, అతన్ని మీ ఇష్టం వచ్చినట్లు గెంటేయడం వేరు. ఈ రెండో విషయంలో దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. ఇంగ్లండులో యజమాని కుటుంబంతో కలిసి ఒకే ఇంట్లో ఉంటున్న అతిథికి, 1977 నాటి చట్టం ప్రకారం, సమంజసమైన నోటీసు ఇస్తే చాలు, కోర్టు ఉత్తర్వు అవసరం లేదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో అలా కాదు. అనుమతితో వరుసగా 30 రోజులు ఉన్న మనిషిని కోర్టు ద్వారా తప్ప బయటకు పంపకూడదు, తాళం మార్చడమే నేరం. అందుకే ఎవరో ఎక్కడో విన్న మాట పట్టుకుని అడుగు వేయకండి, మీరు ఉంటున్న చోటి న్యాయవాదిని ఒక్కసారి కలవండి. భారతదేశంలో ఉన్నట్లయితే, 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడగవచ్చు.

ఇప్పుడు కొత్తగా ‘ఇంటి ఖర్చులకు కొంత ఇవ్వు’ అని అతని దగ్గర నెలనెలా డబ్బు తీసుకోవడం కూడా మొదలుపెట్టకండి. బాధ్యత నేర్పుతున్నామని చాలామంది ఆ పని చేస్తారు. అది అద్దె కిందికి వస్తే అతను అతిథి కాదు, అద్దెదారు అనే వాదనకు చోటిచ్చినట్లవుతుంది.

ఇక తాళం సంగతి. మీవారికి ఈ భాగం చదివి వినిపించండి. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు ఒక యువకుడు వచ్చేవాడు. బంధువుల ఇంట్లో ఉండగా ఒక సాయంత్రం తిరిగి వచ్చేసరికి తాళం మారిపోయింది. సామానంతా మెట్ల మీద ఉంది. తర్వాత అతనికి పని దొరికింది, గది దొరికింది, జీవితం కుదుటపడింది. అయినా ఆ సాయంత్రం గురించి మాట్లాడినప్పుడల్లా ఒక్క చోటే ఆగిపోయేవాడు. తన చెప్పులు రెండూ జతగా, ముందుభాగం వీధివైపు తిప్పి, చక్కగా సర్దిపెట్టి ఉన్నాయట. ‘అంత శ్రద్ధగా చెప్పులు సర్దిన మనిషి నాతో ఒక్క మాట చెప్పలేకపోయాడా’ అనేవాడు. ఇల్లు ఖాళీ చేయమనడం వాళ్ల హక్కేనని అతనూ ఒప్పుకున్నాడు. ఒక్క మాట చెప్పకుండా చేసిన తీరునే మరిచిపోలేకపోయాడు.

పోలీసుల దగ్గర అబద్ధపు ఫిర్యాదు అన్న ఆలోచనను ఈరోజే, ఇప్పుడే ఆపించండి. ఇందులో నేను మెత్తగా మాట్లాడలేను. చేయని దొంగతనాన్ని ఒకరికి అంటగట్టడం నేరం, ఆ కేసు మీవారి మెడకే చుట్టుకోవచ్చు. అది పక్కన పెట్టినా, 19 ఏళ్ల వయసులో దొంగతనం కేసు పడిన అబ్బాయికి రేపు పని ఎవరిస్తారు? అద్దెకు గది ఎవరిస్తారు? మీ ఇంట్లోంచి పంపడానికి అతనికి ఏ ఇల్లూ లేకుండా చేస్తారా? మీవారు దుర్మార్గులని నేననుకోవడం లేదు. తన ఇంట్లో తన మాట చెల్లడం లేదన్న కసి మనిషి చేత ఇలాంటి మాటలు అనిపిస్తుంది. ఫలానా తేదీకి అతను వెళ్తాడన్న నమ్మకం కలిగితే ఆ కసి చాలావరకు దిగుతుంది.

మీరు అడిగిన బాధ్యత ప్రశ్న. 18 దాటిన పరాయి బిడ్డను పోషించాల్సిన చట్టపరమైన బాధ్యత మీ మీద లేదు. కానీ చట్టం ఒక పుట్టినరోజుతో పెద్దవాణ్ణి చేసినంత త్వరగా జీవితం చేయదు. 18 నుంచి 25 ఏళ్ల మధ్య కాలాన్ని విడిగా ఒక దశగా చూడాలని 2000లో జెఫ్రీ ఆర్నెట్ అనే మనస్తత్వవేత్త ప్రతిపాదించారు. ఆ వయసులో వెనక అండగా ఇల్లు ఉన్నవాడు తప్పులు చేస్తూ నేర్చుకుంటాడు. ఏ అండా లేనివాడు ఉన్నచోటే పాతుకుపోతాడు, ఎందుకంటే కదిలితే పడిపోతానన్న భయం. ఈ తొమ్మిది నెలలు మీరు అండగా ఉన్నారు. కన్నవాళ్లు చేయని పని మీరు చేశారు. జీవితాంతం తీర్చాల్సిన రుణమేదీ మీకు లేదు. పంపించడం పాపం కాదమ్మా. ఎలా పంపుతారన్న దానికి మాత్రం మీరే బాధ్యులు.

ఏం చేయాలో చెబుతాను. ముందు మీరూ మీవారూ కూర్చుని ఒక తేదీ అనుకోండి. నా సలహా ఆరు వారాలు. రెండు వారాలంటే పని వెతుక్కోవడానికే చాలదు. మూడు నెలలంటే అందరూ మరిచిపోతారు, మళ్లీ మొదటికే వస్తుంది. తర్వాత, ఇంట్లో గొడవ లేని ఒక సాయంత్రం, మీరిద్దరే అతనితో కూర్చోండి. మీ అబ్బాయి చేత చెప్పించకండి. ఇల్లు మీది, మాట మీ నోటి నుంచే రావాలి. ఇలా అనవచ్చు:

‘బాబూ, నువ్వు కష్టంలో వచ్చావు, ఉండమన్నాం. అందుకు మాకేమీ బాధ లేదు. కానీ ఇలాగే ఉండిపోవడం మాకూ కుదరదు, నీకూ మంచిది కాదు. ఫలానా తేదీ దాకా ఈ ఇల్లు నీది. ఆ రోజుకి నువ్వు వేరే చోటు చూసుకోవాలి. ఈలోగా ఎక్కడికి వెళ్లాలో, ఏం పని చేయాలో వెతకడానికి నీతో కూర్చుంటాం. ఈ నెల రోజులుగా నేను నీతో సరిగా మాట్లాడలేదు. నేరుగా చెప్పడానికి నోరు రాక అలా ఉన్నాను. అది నా తప్పు.’

చివరి రెండు వాక్యాలు వదిలేయకండి. వైఫై పాస్‌వర్డ్ కూడా ఆ సాయంత్రమే ఇచ్చేయండి, పని వెతుక్కోవడానికి అతనికి అది కావాలి. మర్నాడు అదే విషయం తేదీతో సహా ఫోనులో సందేశంగా పంపండి. రేపు ఎవరైనా అడిగితే గడువు ఇచ్చారనడానికి అది ఆధారం. అతనికి కూడా తేదీ కళ్ల ముందుంటుంది. ఆ తేదీ వచ్చేదాకా తాళం మార్చడం, కరెంటు ఆపడం, సామాను ముట్టుకోవడం వద్దు. తేదీ దాటాక కూడా వెళ్లనంటే, అప్పుడూ చెయ్యి చేసుకోవడం కాదు, న్యాయవాది ద్వారా నోటీసు. అంతదూరం వెళ్లడం అరుదు. నేను చూసినంతలో, తేదీ మర్యాదగా విన్న పిల్లల్లో ఎక్కువమంది ఆ తేదీకి ముందే కదిలారు.

మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడగండి. ఒకటి, తిరిగి ఇంటికి వెళ్లగలవా అని. వద్దంటే ఎందుకో వినండి. అక్కడ అతనికి దెబ్బలు పడుతుంటే, మీరు తండ్రికి ఫోను చేసి ‘వచ్చి తీసుకుపోండి’ అనడం రాజీ చేయడం కాదు, అతన్ని అప్పగించడం. అలాంటప్పుడు తల్లి తరఫు బంధువులు, హాస్టలు, పనితోపాటు వసతి ఇచ్చే చోటు ఏదైనా చూడాలి. అతని అనుమతి లేకుండా తండ్రికి ఏమీ చెప్పకండి.

రెండోది అడగడానికి మీకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా అడగండి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా అని నేరుగా అడగాలి. చదువు ఆపేయడం, పగలంతా నిద్ర, ఎవరితోనూ మాట లేకపోవడం, ఇవన్నీ కలిసినప్పుడు నాకు దిగులు జబ్బు గుర్తుకొస్తుంది. 15 నుంచి 29 ఏళ్ల వయసువారి మరణాలకు ప్రధాన కారణాల్లో ఆత్మహత్య ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే గడువు సంగతి ఆపి, ముందు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. తేదీ కాస్త జరిగినా ఫరవాలేదు.

మీ అబ్బాయి ‘నేనూ పోతాను’ అంటున్నాడు. బెదిరింపుగా తీసుకోకండి. స్నేహితుణ్ణి వీధిలోకి నెడతారన్న భయంతో అంటున్న మాట అది. వాడితో ముందే ఒక మాట చెప్పండి: ‘నువ్వు చేసిన పని మంచిదే. రెండు వారాలని చెప్పి మిగతా ఎనిమిదిన్నర నెలలు మా మీద వదిలేయడం మాత్రం మంచిది కాదు.’ తర్వాత వాడికి పని అప్పగించండి. గదులు వెతకడం, స్నేహితుడితో ఇంటర్వ్యూలకు వెళ్లడం, అడ్వాన్సు డబ్బులో తన వాటా కూడబెట్టడం. ఆదుకోవాలన్న కోరిక వాడిది కాబట్టి శ్రమ కూడా వాడు పడాలి.

వెళ్లే రోజున మీవారు పనికి వెళ్లిపోకుండా ఇంట్లోనే ఉండేలా చూడండి. ఇంటి తాళంచెవి అతనే మీ చేతికి ఇవ్వనివ్వండి. మీ అబ్బాయి ఆ సంచి పట్టుకుని కొత్త గది దాకా వెళ్లి, అక్కడ బట్టలు తీసి సర్దేదాకా ఉండి రావాలి.