మనవడి దగ్గరికి వెళ్తున్న చెల్లికి

చెల్లీ,

మే నెలలో డాలస్ వెళ్తున్నావని, ఆరు నెలలు అక్కడే ఉంటావని అమ్మాయి చెప్పింది, చాలా సంతోషం. మొన్న అడిగావు కదా, అక్కా నాలుగేళ్ళ పిల్లాడికి మరియమ్మ జపం ఎలా నేర్పాలి, వాడికి తెలుగే సరిగ్గా రాదు అని. ఆ రోజు ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా.

ముందు ఒక్క మాట, నేర్పాలని కూర్చోకు. నీ జపం నువ్వు చేస్కో, వాణ్ణి చూడనీ. మన నాయనమ్మ మనకి ఏనాడన్నా పాఠం చెప్పిందా? సాయంత్రం లాంతరు వెలిగించి అరుగు మీద గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది, నువ్వు ఆ కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకునేదానివి, ఆవిడ "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అంటూ పూసలు తిప్పుతుంటే ఒక్కో పూసకీ ఆ బొటనవేలు నీ చెవి పక్కన కదిలేది, సగంలోనే నిద్రపోయేదానివి. మిరపకోతల్లో మధ్యాహ్నం గుడి గంట వినపడగానే ఒళ్ళో కాయలు అక్కడే కుప్ప పోసి, నిలబడి త్రికాల జపం చెప్పుకుని మళ్ళీ కోతలో పడేది. ఆ రెండు నిమిషాలు పక్క సాళ్ళల్లో వాళ్ళు కూడా మాటలు ఆపేసేవాళ్ళు, మనకి జపం వచ్చింది అట్టాగే.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మా పెద్ద మనవణ్ణి ఆరేళ్ళప్పుడు రోజూ అయిదు రహస్యాలూ, అంటే పదేసి పూసల చొప్పున అయిదు సార్లు, అయ్యేదాకా మోకాళ్ళ మీద ఉంచా, కదిలితే కసిరేదాన్ని, అబద్ధం ఆడితే నరకానికి పోతావు అని బెదిరించా. వాడు జపం టైంకి బాత్రూంలో దూరి గడియ పెట్టుకునేవాడు. ఇప్పుడు వాడికి పందొమ్మిదేళ్ళు, గుడి మాట ఎత్తితే నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు గుండెల్లో కలుక్కుమంటది.

అందుకని ఒక్క రహస్యం చాలు, పది పూసలు, అంతే. జపమాల చివర సిలువ వాడి చేతిలో పెట్టు, పట్టుకుని కూర్చుంటాడు. తెలుగు రాకపోతే ఏం, ఒక్కో పూసకీ మరియమ్మ జపం మొదటి సగం నువ్వు తెలుగులో చెప్పు, "హోలీ మేరీ" నుంచి వాణ్ణి ఇంగ్లీషులో చెప్పమను, నీక్కూడా ఆ ఇంగ్లీషు వస్తది, వాడే నీకు నేర్పాననుకుని మురిసిపోతాడు. పడుకునేటప్పుడు నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వెయ్యి, అది ఒక్క రోజు కూడా మానకు. గురువారం వెలుగు రహస్యాలు కదా, యేసు జీవితంలో ఒక్కో ఘట్టం తల్చుకుంటూ చెప్పేవి, అవి 2002లో జాన్ పాల్ పోప్ గారు కలిపారు, నాయనమ్మకి తెలీవు గానీ పిల్లలకి వాటిల్లో కానా పల్లె పెళ్ళి భలే నచ్చుద్ది. ద్రాక్షరసం అయిపోయిందని ముందు కనిపెట్టింది మరియమ్మే, కొడుకు యేసుకి చెప్పిందీ ఆ అమ్మే, అట్టా కథలాగా చెప్పు.

ఇంకోటి, అమ్మాయీ అల్లుడూ ఆదివారం పూజకి సరిగ్గా వెళ్ళట్లేదని నాకూ తెలుసు. పిల్లాడి ముందు వాళ్ళని ఒక్క మాట కూడా అనకు. పొద్దున్నే స్నానం చేసి చీర కట్టుకుని సోఫాలో రెడీగా కూర్చో, అమ్మమ్మ ఎక్కడికి అని వాడే అడుగుతాడు, వాళ్ళే కారు తీస్తారు. తెలుగు పూజ దొరక్కపోతే ఇంగ్లీషు పూజకే వెళ్ళు, సత్ప్రసాదం అప్పం తీసుకోడానికి లేచినప్పుడు వాడి చెయ్యి పట్టుకుని లైన్లోకి తీస్కెళ్ళు.

బైబిల్లో పౌలు గారు తిమోతికి రాసిన రెండో లేఖ మొదట్లోనే, నీ విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలో ఉండేది అని పేరు పెట్టి మరీ రాశారు చూడు. పోప్ ఫ్రాన్సిస్ గారు కూడా 2013లో వాళ్ళ నాయనమ్మ రోజా గారి గురించి చెప్పారు. పవిత్ర శుక్రవారం కొవ్వొత్తుల ఊరేగింపుకి పిల్లల్ని తీస్కెళ్ళి, చనిపోయిన క్రీస్తు స్వరూపం రాగానే మోకరించమని, చూడండి చనిపోయాడు, కానీ రేపు లేస్తాడు అనేదంట. చిన్న ముక్కే, ఆయనకి పోప్ అయ్యాక కూడా గుర్తుండిపోయింది. 2021 నుంచి జులై నాలుగో ఆదివారం తాతలకీ అవ్వలకీ అని పెట్టింది కూడా ఆయనే, మరియమ్మ తల్లిదండ్రులు జ్వాకీము గారు, అన్నమ్మ గారి పండగ జులై 26 దగ్గర్లో వస్తది కదా అని. ఆ వారం వాడికి యేసుకి కూడా అమ్మమ్మా తాతా ఉన్నారని చెప్పు, పిల్లలకి అది తట్టదు, కళ్ళు పెద్దవి చేస్తారు.

నవంబర్ 2కి అక్కడే ఉంటావు, సమాధుల పండగకి మన ఊరు రాలేవు. ఆ రాత్రి ఇంట్లోనే కొవ్వొత్తి వెలిగించి నాన్న పేరు, అమ్మ పేరు, నాయనమ్మ పేరు ఒక్కోటి వాడి చేత పలికించు. పేర్లు వచ్చిన పిల్లాడు వాళ్ళ గురించి అడుగుతాడు, అప్పుడు ఆ మిరపచేను సంగతి చెప్పు.

నాయనమ్మ జపమాల నా దగ్గరే ఉంది, రెండు చోట్ల తెగితే నల్లదారంతో కట్టా. నేను రోజూ చేసుకునేది అదే, అయినా నువ్వే తీస్కెళ్ళు. సూట్‌కేసులో వెయ్యకు, హ్యాండ్‌బ్యాగులో రుమాలు చుట్టి పెట్టుకో. ఈ ఆదివారం పూజ అయ్యాక ఇంటికి రా, భోజనం చేసి తీస్కెళ్దువు.

నీ అక్క