అమ్మకి బరువు తగ్గే ఇంజెక్షన్ మొదలుపెట్టొచ్చా?

ప్ర: మా అమ్మకి 71 ఏళ్లు. ఎత్తు ఐదడుగులు, బరువు 84 కిలోలు. మోకాళ్ల నొప్పులు, షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు, నీరు తీసే మందు కలిసిన బీపీ మాత్ర వాడుతోంది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు మౌంజారో (షుగర్, బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్) మొదలుపెట్టించమంటున్నాడు. ఈ వయసులో పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: వయసు ఒక్కటే అడ్డు కాదు. మీ అమ్మగారి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 36 దాటింది, ఆ భారమంతా అరిగిన మోకాళ్ల మీదే పడుతోంది. కాబట్టి ఆలోచించడానికి కారణం ఉంది. ఇదే కోవలోని సెమాగ్లూటైడ్‌ను మోకాళ్ల అరుగుదల ఉన్న స్థూలకాయులపై పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. 68 వారాల్లో బరువు సగటున 13.7 శాతం తగ్గింది, మందు లేని సూది వేయించుకున్నవాళ్లకంటే నొప్పి కూడా బాగా తగ్గింది. అయితే వాళ్ల సగటు వయసు 56. డెబ్భై దాటినవాళ్లకి అదే మందు ఇచ్చేటప్పుడు ఇంకొన్ని చూసుకోవాలి.

మొదటిది, గత ఆరు నెలల్లో ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గారా? తగ్గితే ముందు దాని కారణం తేలాలి. రెండోది కాళ్ల సత్తువ. చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కండ బలం తగ్గిందని అనుమానించాలి. మోకాళ్ల నొప్పివల్ల కూడా ఆలస్యమవుతుంది కాబట్టి ఫిజియోథెరపిస్టు దగ్గర చేతి పట్టు కూడా కొలిపించండి. ఆడవాళ్లలో 18 కిలోల కంటే తక్కువ వస్తే నెలా రెండు నెలలు వ్యాయామం, ప్రొటీన్ భోజనం నడిపించి, ఆ తర్వాతే ఇంజెక్షన్ సంగతి చూడటం మంచిది.

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించండి. కంటి వెనక పొర చూపించడం మానొద్దు. రెటీనా దెబ్బతిని ఉన్నప్పుడు షుగర్ ఒక్కసారిగా దిగితే చూపు ఇంకా పాడవచ్చు. గతంలో క్లోమం వాచినా, పిత్తాశయంలో రాళ్లున్నా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినా డాక్టరుకి చెప్పాల్సిందే. ఈ చివరిది ఉంటే ఈ మందు వాడకూడదు.

ఇక అందరూ మరిచిపోయేది పాత మందుల సంగతి. మెట్‌ఫార్మిన్‌తో పేచీ లేదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. తిండి సగానికి పడిపోయినా అది షుగర్‌ని దించుతూనే ఉంటుంది. తెల్లవారుజామున చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తే లో షుగర్ అనుకోండి. ఇంజెక్షన్ మొదలుపెట్టే రోజే గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాలా, ఆపాలా అని అడగండి. నీరు తీసే మందు ఇంకో సమస్య. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా అది వేసుకుంటూ పోతే ఒంట్లో నీరు పోయి కిడ్నీలు దెబ్బతింటాయి. అలాంటి రోజు ఏ మాత్రలు ఆపాలో ముందే రాయించుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. వారానికోసారి కూర్చున్నప్పుడు, లేచి నిలబడ్డ మూడు నిమిషాలకి బీపీ చూడండి. పై అంకె 20 పడిపోతే డాక్టరుకి ఫోన్ చేయండి. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయేది ఇలాంటప్పుడే.

మౌంజారో 2.5 మి.గ్రా.తో మొదలై, నాలుగు వారాల తర్వాత 5కి వెళ్తుంది. 15 దాకా పెంచవచ్చని ఉన్నా, నెలనెలా పెంచి తీరాలన్న రూలేమీ లేదు. 5 మి.గ్రా. మీదే నెలకి కిలో, కిలోన్నర తగ్గుతుంటే అక్కడే ఉండనివ్వమని అడగండి. ఆవిడకి 84లో ఎనిమిది కిలోలు తగ్గినా మోకాళ్లకి తేడా తెలుస్తుంది.

ప్ర: వయసు 68. నాలుగు నెలలుగా ఇంజెక్షన్ వాడుతున్నాను. 78 నుంచి 67 కిలోలకి వచ్చాను. అందరూ మెచ్చుకుంటున్నారు గానీ మేడ మెట్లెక్కలేకపోతున్నాను. అన్నం చూస్తేనే వికారం. రోజూ అరగంట నడుస్తున్నాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జ: నాలుగు నెలల్లో 14 శాతం తగ్గడం మీ వయసులో మరీ వేగం. పోయిన 11 కిలోలూ కొవ్వు కాదు. ఈ కోవ మందులపై జరిగిన పరీక్షల్లో పోయిన బరువులో పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కాని భాగమే అని తేలింది. అందులో కండ ముఖ్యమైనది. నలభై ఏళ్లవాడు దాన్ని తిరిగి కూడగట్టుకుంటాడు, 68లో అది కష్టం. మందు తనంతట తాను కండని తినేయదు. తిండి, ముఖ్యంగా ప్రొటీన్, చాలకపోవడంవల్ల ఒళ్లు తన కండనే వాడుకుంటుంది.

డాక్టరుని కలిసి మోతాదు ఒక మెట్టు దించమని అడగండి. మీ బరువుకి రోజుకి 80 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క మారుతుంది. పొద్దున రెండు గుడ్లు, గ్లాసు పాలతో 20 గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం వంద గ్రాముల చికెన్ లేదా చేప, కప్పు పెరుగు కలిపితే 28. సాయంత్రం గుప్పెడు వేరుశనగలతో 7. రాత్రి గట్టి ముద్దపప్పు, 75 గ్రాముల పనీర్‌తో 22. మాంసం తినకపోతే 40 గ్రాముల మీల్ మేకర్ 20 గ్రాములు ఇస్తుంది. కంచంలో ముందు కూర, పప్పు తినేయండి, ఆ తర్వాతే అన్నం. మన అలవాటు ప్రకారం అన్నంతో మొదలుపెడితే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. పాలల్లో కలిపే పొడులు కొనేముందు డబ్బా వెనక ప్రొటీన్ ఎంతో, చక్కెర ఎంతో చదవండి. చాలావాటిలో చక్కెరే ఎక్కువ.

నడక గుండెకి మంచిదే, కండని కాపాడటానికి మాత్రం అది చాలదు. రోజు విడిచి రోజు కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, కాసేపు ఆగి ఇంకో రెండు విడతలు చేయండి. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించండి. గోడకి అరచేతులు ఆనించి దండీలు తీయండి. తేలిగ్గా అనిపించినప్పుడు చేతిలో లీటరు నీళ్ల సీసా పట్టుకుని చేయండి.

మందు ఒక్కసారిగా మానేయకండి. సెమాగ్లూటైడ్ ఆపినవాళ్లలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చినట్టు పరీక్షల్లో చూశారు. పెద్దవయసులో అలా తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే.

ప్ర: కరెంటు పోయినప్పుడు ఇంజెక్షన్ పెన్ను పాడవుతుందా? ఒక వారం మరిచిపోతే ఏం చేయాలి?
– విశాఖపట్నం

జ: వాడని పెన్ను ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు మూడు గంటలు కరెంటు పోతే, తలుపు తెరవకుండా ఉంటే చాలు. ఎక్కువగా పాడయ్యేది గడ్డకట్టడంవల్ల. ఫ్రీజర్‌కి ఆనుకున్న అరలో పెట్టకండి, ఐస్ ప్యాక్‌కి నేరుగా తగలనివ్వకండి. గడ్డకట్టిన పెన్ను కరిగినా పారేయాల్సిందే. విమానంలో చేతి సంచిలోనే ఉంచండి. మౌంజారో క్విక్‌పెన్‌లో నాలుగు మోతాదులే. అవి అయ్యాక లోపల కొంచెం మందు కనిపిస్తుంది, దాన్ని సిరంజితో లాగి వాడకండి. మౌంజారో మరిచిపోయి నాలుగు రోజుల లోపైతే వెంటనే వేసుకోండి, దాటితే ఆ వారం వదిలేయండి. వరసగా మూడు వారాలు తప్పితే పాత మోతాదుతో మొదలుపెట్టొద్దు, డాక్టరుని అడగండి.

ప్ర: ఇంజెక్షన్ ఖర్చు భరించలేం. ఆర్లిస్టాట్ గానీ, మూలికల పొడి గానీ మా నాన్నకి వాడొచ్చా?
– నంద్యాల

జ: ఆర్లిస్టాట్ తిన్న కొవ్వులో కొంత అరగకుండా చేస్తుంది. నూనె కూరలు తింటే జిడ్డు విరేచనాలు, ఆపుకోలేని తొందర వస్తాయి. పెద్దవాళ్లకి అది పెద్ద ఇబ్బంది. విటమిన్ ఎ, డి, ఇ, కె ఒంటపట్టవు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకి ప్రమాదం. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పొడుల జోలికి వెళ్లొద్దు. గుండె ప్రమాదాలవల్ల 2011లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు, 'మూలికలు' అని రాసిన బరువు మందుల్లో ఎన్నోసార్లు బయటపడింది.

ప్ర: అమ్మకి వచ్చే నెల మోకాలి మార్పిడి. ఇంజెక్షన్ వేసుకోవచ్చా?
– హనుమకొండ

జ: మత్తు డాక్టరుకి కనీసం రెండు వారాల ముందే చెప్పండి. ఈ మందుతో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, మత్తులో ఉండగా లోపలున్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కొందరిని ఆ వారం మోతాదు వదిలేయమంటారు, కొందరిని ముందు రోజంతా పానీయాల మీదే ఉండమంటారు. షుగర్ కోసం వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. కంటి శుక్లం ఆపరేషనైనా ఈ మాట చెప్పాలి.