మొత్తం లెక్క ఎవరు కట్టాలి?

ప్రశ్న: ఒక రైస్‌మిల్లుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. సర్వీసు డబ్ల్యూసీఎఫ్‌లో (కంప్యూటర్ల మధ్య డేటా పంపే డాట్‌నెట్ ఏర్పాటు) ఉంది. బిల్లు క్లాసులో బస్తాలు, ధర, మొత్తం ఉన్నాయి. మొత్తానికి గెట్ (విలువ చదివే భాగం) మాత్రమే ఇచ్చాను, సెట్ (విలువ నింపే భాగం) లేదు; గుణించి చూపిస్తుంది. దానికి డేటామెంబర్ (అవతలికి పంపాలని చెప్పే గుర్తు) పెడితే ‘నో సెట్ మెథడ్ ఫర్ ప్రాపర్టీ’ అని ఎర్రర్. తీసేస్తే కౌంటర్ కంప్యూటర్‌లో మొత్తం కనబడదు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పంపిన విలువను అవతల మళ్లీ నింపాలి కాబట్టి డేటాకాంట్రాక్ట్ సీరియలైజర్ (డబ్ల్యూసీఎఫ్‌లో విలువల్ని మూటకట్టి పంపి, అవతల విప్పేది) సెట్ అడుగుతుంది. డబ్ల్యూసీఎఫ్‌కు ముందున్న పాత ఏఎస్ఎంఎక్స్ వెబ్ సర్వీసుల్లోని ఎక్స్ఎంఎల్ సీరియలైజర్ అయితే ఇలాంటి ప్రాపర్టీని చడీచప్పుడు లేకుండా వదిలేసేది. అంకె ఎటు పోయిందో మనం వెతుక్కోవాలి. మొహం మీద చెప్పేసే ఇదే నయం.

బిల్లు నంబరు లాంటి దానికైతే ప్రైవేట్ సెట్ (బయటి కోడ్‌కు అందనిది) పెడితే సరిపోతుంది. మొత్తం అప్పటికప్పుడు గుణించేదే, దానికి దాచుకునే చోటే లేదు. లోపల ఏ కోడూ లేని ఖాళీ ప్రైవేట్ సెట్ పెట్టండి, ఎర్రర్ పోతుంది. కౌంటర్ నుంచి ఏ అంకె వెనక్కి వచ్చినా సర్వర్ పట్టించుకోదు, అదీ మంచిదే. డాట్‌నెట్ 4.5లో సీరియలైజ్‌రీడ్‌ఓన్లీటైప్స్ అని సెట్టింగ్ ఒకటి వచ్చింది కానీ, దాన్ని సర్వీసుకు తగిలించడానికి వేరే కోడ్ రాయాలి. ఒక్క బిల్లుకు అంత హడావుడి దేనికి?

అసలు చిక్కు కౌంటర్ దగ్గర. కౌంటర్ ప్రోగ్రామ్‌ను సర్వీసుకు కలిపే సర్వీస్ రిఫరెన్స్ తయారుచేసే ప్రాక్సీ క్లాసులో (మీ క్లాసుకు నకలు) మీ గుణకారం ఉండదు, మొత్తం అక్కడ మామూలు అంకె. రూ.1,300 చొప్పున 40 బస్తాలకు 52,000 వచ్చింది. గుమాస్తా 40ని 50 చేస్తే 65,000 కావాలి కదా, తెరమీద మాత్రం 52,000 అలాగే ఉంటుంది. గొడవ మిల్లు యజమానితో మీకే.

అందుకే, రెండు వైపులా డాట్‌నెట్టే అయితే బిల్లు క్లాసును వేరే డీఎల్ఎల్‌లో (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ఫైలు) పెట్టి సర్వర్‌లో, కౌంటర్‌లో రెండుచోట్లా వాడుకోండి. రిఫరెన్స్ చేర్చేటప్పుడు ‘రీయూజ్ టైప్స్’ టిక్ ఉండాలి. అప్పుడు మొత్తానికి డేటామెంబరే అక్కర్లేదు, ఎవరి లెక్క వాళ్లే కట్టుకుంటారు. నా ఓటు దీనికే. కౌంటర్‌లో జావా ప్రోగ్రామ్ ఉంటే ఖాళీ సెట్ పద్ధతే గతి. బస్తాలు మారినప్పుడల్లా సర్వర్‌నే అడగాలి.

ఇంకొకటి. ఈ సీరియలైజర్ అవతల మీ కన్‌స్ట్రక్టర్‌ను (కొత్త బిల్లు తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) పిలవదు. హమాలీ ఛార్జీ అందులో నింపి, దానికి డేటామెంబర్ పెట్టకుండా మొత్తంలో కలుపుతున్నారా? కౌంటర్‌లో అది సున్నాగా ఉంటుంది, బిల్లు అంతమేరకు తగ్గుతుంది. దానికి డేటామెంబర్ పెట్టండి.