టెక్ సందేహాలు: ఈ పుస్తకం మన ఇంట్లో ఉందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు పుస్తకాల గురించే. చదివినవి ఎట్లా గుర్తుపెట్టుకోవాలి, చదవాల్సినవి ఏ వరుసలో పెట్టుకోవాలి అని అడిగారు. ఈ విషయం నాకు చాలా ఇష్టం కాబట్టి ఫోన్ బ్యాటరీ, వైఫై ప్రశ్నలన్నీ వచ్చే వారానికి ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

మిర్యాలగూడ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచర్ అడిగారు: "ఇంట్లో నాలుగు వందల దాకా పుస్తకాలున్నాయి. మొన్న డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పోయి, ఇంట్లో ఉన్నవే రెండు మళ్లీ కొనుక్కొచ్చాను. ఎవరికి ఏది ఇచ్చానో కూడా యాదికి ఉంటలేదు. ఫోన్‌లో జాబితా పెట్టుకోవడానికి ఏ యాప్ మంచిది? కంప్యూటర్ మా మనవరాలి దగ్గర ఉంది."

సార్, మీకు పుస్తకాల యాప్ అక్కర్లేదు. గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక చాలు. ఎందుకో చెప్తాను. పుస్తకాల యాప్‌లు వెనక అట్ట మీది బార్‌కోడ్‌ను కెమెరాతో చదివి వివరాలు తెచ్చుకుంటాయి. ఆ బార్‌కోడ్‌లో ఉండేది ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2007 జనవరి 1 నుంచి అది 13 అంకెలు, అంతకుముందు 10. మన దేశంలో అచ్చయిన పుస్తకాలకు ఎక్కువగా 978 తర్వాత 81 గానీ 93 గానీ వస్తుంది. కానీ మీ బీరువాలోని పాత తెలుగు పుస్తకాలు తీసి చూడండి. రచయిత సొంత ఖర్చుతో వేసుకున్నవి, సభల్లో పంచిన సంచికలు, చిన్న ప్రెస్‌లో కుట్టిన శతకాలు. చాలావాటికి ఆ సంఖ్యే ఉండదు. ఉన్నవాటిలో కూడా అన్నీ ఆ యాప్‌ల జాబితాలకు ఎక్కి ఉండవు. నాలుగు వందల్లో సగం చేత్తో ఎక్కించాల్సి వస్తే ఇక యాప్ వల్ల లాభం ఏముంది?

మొదటి రోజు ఏమీ టైప్ చేయకండి. బీరువాలో ఒక్కో అరకు ఒక ఫొటో తీయండి, పుస్తకాల వీపులు చదవగలిగేంత దగ్గరగా. ఆ ఫొటోలను ఒక ఆల్బమ్‌లో పెట్టండి. ఈలోపు మళ్లీ పుస్తకాల షాపుకు పోవాల్సి వచ్చినా ఆ ఫొటోలు మీ పని నడిపిస్తాయి. తర్వాత తీరిగ్గా రోజుకు ఒక అర చొప్పున షీట్‌లోకి ఎక్కించండి. కాలమ్‌లు ఐదుకు మించనీయకండి: పుస్తకం పేరు, రచయిత, ఏ అరలో ఉంది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఒక మాట. ఆ చివరి కాలమ్‌లో పుస్తకం గురించి మీకు తోచిన ఒక్క వాక్యం. ధర, పేజీలు, ముద్రణ, ప్రచురణకర్త అన్నీ రాద్దామని మొదలుపెట్టినవాళ్లు రెండో అర దగ్గరే ఆపేయడం నేను చాలామందిలో చూశాను.

టైపింగ్ కష్టమైతే జీబోర్డ్ కీబోర్డ్‌లో తెలుగు చేర్చి, మైక్ గుర్తు నొక్కి పేరు చదవండి. మామూలు మాటలు బాగానే వస్తాయి, రచయితల ఇంటిపేర్లు మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

తెలుగులో ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటి ఉంది. ఒక అట్ట మీద రంగనాథ అని, ఇంకో అట్ట మీద రంగనాధ అని ఉంటుంది. మనకు రెండూ ఒక్కరే, షీట్‌కు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. శ, ష, స దగ్గరా ఇదే తంటా, ల, ళ దగ్గరా ఇదే. అందుకే వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకండి. 'రంగ' అని కొడితే రెండూ బయటపడతాయి. ఇంకోటి, వాట్సాప్‌లో వచ్చిన పేరును కాపీ చేసి అతికిస్తే చివర ఖాళీ జాగా గానీ, అక్షరాల మధ్య కంటికి కనిపించని గుర్తు గానీ వెంట వస్తుంది. చూడడానికి అక్షరం అక్షరం ఒకటే, అయినా వెతికితే దొరకదు. పేర్లు అతికించకుండా సొంతంగా టైప్ చేయడమో, చెప్పడమో చేయండి.

మనవరాలికి షీట్ షేర్ చేసి ఒక్క పని చేయించండి. కౌంట్‌ఇఫ్ అనే ఫార్ములాతో ఒక పేరు ఎన్నిసార్లు వచ్చిందో పక్క కాలమ్‌లో చూపించమనండి. రెండు అని వచ్చిందంటే జంట ప్రతి ఉన్నట్టు. ప్రదర్శనకు పోయే ముందు రోజు షీట్స్ యాప్‌లో ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి, ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచే ఆప్షన్ ఆన్ చేసుకోండి. అంత జనంలో నెట్ రాకపోయినా మీ జాబితా తెరుచుకుంటుంది.

మహబూబ్‌నగర్ నుంచి గ్రూప్స్‌కు తయారవుతున్న ఒక తమ్ముడి ప్రశ్న: "జిల్లా గ్రంథాలయంలో రోజూ కూర్చుంటున్నాను. ఒక పుస్తకం సగం కాగానే ఇంకొకటి మొదలుపెడుతున్నాను. ఏది ఎప్పటికి అయితదో తెల్వక టెన్షన్. ప్లానర్ యాప్‌లు మూడు మార్చిన, ఏదీ వారం దాటలేదు."

తమ్ముడూ, ఆ యాప్‌లు ముందుగా గంటలు రాయమంటాయి. పొద్దున 6 నుంచి 8 పాలిటీ, 8 నుంచి 10 చరిత్ర, ఇట్లా. ఒక రోజు ఇంట్లో పని పడితే మొత్తం టైమ్‌టేబుల్ తప్పిపోతుంది, ఇక తెరవబుద్ధి కాదు. గంటలు వదిలేసి పేజీలు లెక్కపెట్టు.

ఒక షీట్ తెరిచి, ఒక్కో పుస్తకానికి ఒక్కో వరుస పెట్టు. మొత్తం పేజీలు, ఇప్పటికి చదివిన పేజీలు, ఎప్పటికి ముగించాలి. నాలుగో గడిలో చిన్న ఫార్ములా: మొత్తంలోంచి చదివినవి తీసేసి, వచ్చినదాన్ని మిగిలిన రోజులతో భాగించాలి. మిగిలిన రోజులంటే గడువు తేదీలోంచి టుడే ఫార్ములా ఇచ్చే తేదీని తీసేయడమే. 420 పేజీల పుస్తకంలో 150 అయ్యాయి, ఇంకా 18 రోజులున్నాయి అనుకో. 270ని 18తో భాగిస్తే రోజుకు 15 పేజీలు. మధ్యలో రెండు రోజులు ఊరికి పోయి ఒక్క పేజీ చదవలేదనుకో, ఆ గడి తనంతట తానే 17 దగ్గరికి వస్తుంది. అంటే రోజుకు రెండు పేజీలు ఎక్కువ, అంతే. ఆ రెండు రోజులకే అంతా పోయిందని నువ్వు పడే టెన్షన్ ఈ అంకె చూస్తే సగం తగ్గుతుంది.

ఇప్పుడు ఆ కాలమ్ అడుగున అన్ని పుస్తకాల రోజువారీ పేజీలు కూడు. నిజం అక్కడ బయటపడుతుంది. మొత్తం 90 వచ్చి, నువ్వు శ్రద్ధగా చదవగలిగేది 50 అయితే, ఎంత పట్టుదల ఉన్నా ఆ ప్లాన్ నడవదు. ఒక పుస్తకాన్నైనా తీసేయాలి, గడువైనా జరపాలి. గడువు కూడా పరీక్ష తేదీ పెట్టకు, రివిజన్‌కు కావాల్సిన రోజులు ముందే తీసేసి పెట్టు.

రెండు చోట్ల చిక్కు వస్తుంది. నువ్వు 05/06 అని కొడితే కొన్ని షీట్లు జూన్ 5 అనుకోవు, మే 6 అనుకుంటాయి. 13/06 కొడితే అసలు తేదీగానే తీసుకోవు, ఎందుకంటే పదమూడో నెల లేదు. ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి, లొకేల్ దగ్గర ఇండియా పెట్టు. రెండోది, జవాబు గడిలో 15కు బదులు ఏదో పాత తేదీ కనిపించవచ్చు. లెక్క తప్పలేదు, ఆ గడి ఫార్మాట్‌ను నంబర్‌గా మారిస్తే సరిపోతుంది.

గ్రంథాలయంలోనే ఉంచాల్సిన పుస్తకాలకు ఇంకో కాలమ్ పెట్టుకో. పుస్తకం లోపల ముద్ర వేసి రాసే అసెషన్ నంబర్, ఆగిన పేజీ అందులో రాసుకుంటే, మర్నాడు అదే ప్రతి అడిగి తీసుకోవచ్చు.

నల్లగొండ సొంతూరై, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒకరు: "పదేళ్లుగా గుడ్‌రీడ్స్‌లో రాసుకుంటున్నా. 'చదవాలి' జాబితా ఆరు వందలు దాటింది. తెలుగు పుస్తకాలు సరిగా దొరకవు. స్టోరీగ్రాఫ్‌కు మారితే మంచిదా?"

గుడ్‌రీడ్స్, స్టోరీగ్రాఫ్ రెండూ చదివినవి, చదవాల్సినవి రాసుకునే సైట్లే; మారొచ్చు, మారకపోవచ్చు. అంతకంటే ముందు ఈ ఆదివారమే ఒక పని చేయండి. కంప్యూటర్ బ్రౌజర్‌లో గుడ్‌రీడ్స్ తెరిచి, మీ పుస్తకాల పేజీలో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అన్నచోట నొక్కి మీ జాబితా మొత్తాన్ని సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే ఏ షీట్‌లోనైనా తెరుచుకునే మామూలు పట్టికగా, దించుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నాకు ఆ దెబ్బ తగిలింది. ఒక చిన్న పుస్తకాల యాప్‌లో ఆరేళ్లు రాసుకున్నాను. ఒక రోజు అది మూతపడింది. నోటీసు నేను చూడని మెయిల్‌కు వచ్చిందట. చదివిన పుస్తకాలు మళ్లీ సంపాదించుకోవచ్చు, కానీ వాటి కింద రాసుకున్న మాటలు పోయాయి. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న నెలలో ఆయన మంచం పక్కన కూర్చొని ఏమేం చదివానో నాకు ఇప్పుడు తెలియదు. అప్పటి నుంచి నా జాబితా నా చేతిలో ఉండే ఫైల్‌లోనే ఉంటుంది, యాప్ దానికి నకలు మాత్రమే.

గుడ్‌రీడ్స్ 2007లో మొదలైంది, 2013లో అమెజాన్ కొనేసింది. 2020 డిసెంబర్‌లో బయటి డెవలపర్లు తమ యాప్‌లను దానికి కలుపుకోవడానికి కావాల్సిన కొత్త ఏపీఐ కీలు ఇవ్వడం ఆపేసింది. పెద్ద కంపెనీ చేతిలో ఉంది కదా, ఎప్పటికీ ఇట్లాగే ఉంటుందని అనుకోవద్దు. స్టోరీగ్రాఫ్ మీ గుడ్‌రీడ్స్ ఫైల్‌ను నేరుగా తీసుకుంటుంది, చదివిన తీరును చార్టుల్లో చూపిస్తుంది. 2005 నుంచి ఉన్న ఇట్లాంటిదే ఇంకో సైట్ లైబ్రరీథింగ్‌లో పుస్తకాన్ని చేత్తో ఎక్కించుకోవచ్చు కాబట్టి తెలుగువాళ్లకు అది ఇంకొంచెం అనుకూలం. మీ దగ్గరున్న తెలుగు పుస్తకం ఎక్కడా కనిపించకపోతే, ఓపెన్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ పుస్తకాల జాబితాలో ఖాతా తెరిచి మీరే చేర్చండి. ఒక్కరు చేర్చితే తర్వాత వెతికేవాళ్లకు దొరుకుతుంది. మనం ఎక్కించకపోతే మన పుస్తకాలు ఇంకెవరు ఎక్కిస్తారు?

ఒక హెచ్చరిక. దించుకున్న సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్ల స్థానంలో పిచ్చి గీతలు కనిపించవచ్చు. డేటా పాడైందని కంగారుపడి అట్లాగే సేవ్ చేశారంటే అప్పుడు నిజంగానే పాడవుతుంది. మూసేసి గూగుల్ షీట్స్‌లోకి ఇంపోర్ట్ చేయండి, తెలుగు తెలుగులాగే వస్తుంది.

ఇక ఆ ఆరు వందలు. ఫైల్‌లో ఏ పుస్తకం ఎప్పుడు చేర్చారో తేదీ ఉంటుంది. దాని ప్రకారం వరుస పెట్టి, మూడేళ్లు దాటినవాటిని చూస్తూ పోండి. ఎందుకు చేర్చుకున్నారో గుర్తురానిదాన్ని తీసేయండి, బాధపడకండి. ఇకముందు చేర్చేటప్పుడు 'ఎవరు చెప్పారు, ఎందుకు' అని ఒక కాలమ్ నింపండి. ఫలానా స్నేహితుడు చెప్పాడు అన్న రెండు మాటలుంటే ఆ పుస్తకం తీయాలనిపిస్తుంది, ఉత్త పేరు చూస్తే అనిపించదు. ఆపైన వచ్చే రెండు నెలలకు నాలుగే నాలుగు ఎంచుకోండి, అందులో ఒకటి తెలుగు. మిగతావి ఇంకో షీట్‌లో ఉండనివ్వండి, రోజూ కంటికి కనిపించకుండా.

గద్వాల నుంచి ఒక అమ్మ: "మా పాప మూడో తరగతి. చదివిన కథల పుస్తకాలు నోట్ చేయడానికి పిల్లల యాప్ ఏదైనా చెప్పండి."

వద్దమ్మా. ఒక నోట్‌బుక్ కొనివ్వండి. పేరు, తేదీ, కథలో నచ్చిన బొమ్మ ఒకటి గీయమనండి. ఫోన్ ఇస్తే పుస్తకం పక్కకు పోతుంది.

వనపర్తి నుంచి ఒక గృహిణి: "తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో వస్తాయి. చదువుతూ చదువుతూ ఆపేస్తే మళ్లీ ఎక్కడ ఆపానో దొరకదు. మెమరీ నిండిందని డిలీట్ చేస్తే అవీ పోతున్నాయి. అసలు ఇవి చదవడం తప్పా?"

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను, అది అడిగినందుకు సంతోషం. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 1952లో మీ వనపర్తి నుంచే హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి 1953లో మరణించారు. కాబట్టి 2014 నుంచి ఆయన రచనలు అందరివీ. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఆయనదే, నిశ్చింతగా చదవండి. ఇట్లాంటి పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో చాలా ఉన్నాయి. ఇప్పటి రచయితల కొత్త పుస్తకాల పీడీఎఫ్ ఎవరైనా పంపితే మాత్రం దాన్ని ఇంకొకరికి పంపకండి. తెలుగులో పుస్తకం వేసుకున్నవాళ్లకు ఆ కొద్ది ప్రతులు అమ్ముడుపోతేనే ఇంకో పుస్తకం వేసే ధైర్యం వస్తుంది.

ఆగిన చోటు దొరకాలంటే పీడీఎఫ్‌లను వాట్సాప్‌లోంచి తీసి గూగుల్ ప్లే బుక్స్‌లోకి అప్‌లోడ్ చేసుకోండి. ఎక్కడ ఆపారో అది గుర్తుంచుకుంటుంది, ఫోన్ మార్చినా మీ ఖాతాతో తెరిస్తే అక్కడికే తీసుకెళ్తుంది. అప్‌లోడ్ అయ్యాక వాట్సాప్‌లోది డిలీట్ చేసినా పరవాలేదు.

మీ నోట్స్‌లో పేజీ అంకె రాసుకునేటప్పుడు పీడీఎఫ్ చూపించే అంకె కాకుండా, కాగితం మీద అచ్చయిన అంకెనే రాయండి. ముందుమాటలు, విషయసూచిక కలిసి ఆ రెండింటికీ మధ్య పదో పదిహేనో తేడా ఉంటుంది. రేపు అదే పుస్తకం, అదే ముద్రణ గ్రంథాలయంలో దొరికితే, అచ్చు అంకె రాసుకున్న చోటు నుంచే చదువుకోవచ్చు.